బ్యాట్ కింద పెట్టాకే నోరు తెరిచారు: బేస్‌బాల్‌లో గే ప్లేయర్ల చరిత్ర

ఉప్పల్ స్టేడియంలో వికెట్ పడగానే బౌలర్ పరిగెత్తుకుంటూ వచ్చి ఫీల్డర్‌తో గాల్లో అరచేతులు కొట్టుకోవడం చూస్తూనే ఉంటాం, వీధి చివర టెన్నిస్ బాల్‌తో ఆడే పిల్లలు కూడా అదే చేస్తారు. హై ఫైవ్. ఇది ఎక్కడ పుట్టిందనేదానికి రెండు మూడు కథలున్నాయి గానీ అన్నిటికంటే ఎక్కువగా చెప్పుకునేది మాత్రం 1977 అక్టోబర్ 2న లాస్ ఏంజెలెస్‌లోని డాడ్జర్ స్టేడియంలో జరిగింది. రెగ్యులర్ సీజన్‌కి అదే ఆఖరి రోజు. డాడ్జర్స్ బ్యాటర్ డస్టీ బేకర్, హ్యూస్టన్ పిచ్చర్ జె.ఆర్. రిచర్డ్ వేసిన బంతిని హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టాడు, అది ఆ సీజన్‌లో అతనికి 30వది, దాంతో ఒకే టీమ్‌లో నలుగురు తలా 30 హోమ్ రన్లు కొట్టడం బేస్‌బాల్ చరిత్రలోనే మొదటిసారి అయింది. బేకర్ బేస్‌లన్నీ చుట్టేసి వస్తుంటే తర్వాత బ్యాటింగ్‌కి దిగాల్సిన కుర్రాడు ఆనందం పట్టలేక వెనక్కి వంగి మరీ చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు. బేకర్‌కి ఏం చెయ్యాలో తోచక తనూ చెయ్యెత్తి ఆ అరచేతి మీద ఒకటి కొట్టాడు. ఆ కుర్రాడు వెంటనే బ్యాట్ పట్టుకెళ్ళి మేజర్ లీగ్‌లో తన మొట్టమొదటి హోమ్ రన్ కొట్టాడు, తిరిగొచ్చేసరికి ఈసారి బేకర్ చెయ్యెత్తి ఉన్నాడు.

ఆ కుర్రాడి పేరు గ్లెన్ బర్క్, అప్పటికి 24 ఏళ్ళు. అతను గే. టీమ్‌లో చాలామందికి ఆ సంగతి తెలుసు, లేదా అనుమానం ఉంది. ఎనిమిది నెలలు తిరక్కుండానే డాడ్జర్స్ అతన్ని వేరే టీమ్‌కి ఇచ్చేసింది, ఇంకో రెండేళ్ళకి 27 ఏళ్ళ వయసులో ఆటే మానేశాడు.

అమెరికాలో మేజర్ లీగ్ బేస్‌బాల్ 1876 నుంచి ఉంది, ఇప్పటిదాకా 20 వేల మందికి పైగా ఆడారు. వాళ్ళలో, ఇంకా ఆడుతూ ఉండగానే "నేను గే" అని బహిరంగంగా చెప్పుకున్నవాళ్ళు 2024 సీజన్ అయిపోయేదాకా ఒక్కరంటే ఒక్కరు లేరు. మిగతా ఆటలతో పోల్చి చూస్తే ఇది మామూలు విషయం కాదు. బాస్కెట్‌బాల్‌లో జేసన్ కాలిన్స్ 2013లో చెప్పాడు, చెప్పాక మళ్ళీ ఎన్‌బీఏలో ఆడాడు కూడా. అమెరికన్ ఫుట్‌బాల్‌లో కార్ల్ నాసిబ్ 2021లో చెప్పాడు. క్రికెట్‌లో ఇంగ్లండ్ వికెట్ కీపర్ స్టీవెన్ డేవిస్ 2011లోనే చెప్పాడు. బేస్‌బాల్‌లో మాత్రం రిటైరయ్యాక చెప్పినవాళ్ళున్నారు, కింది స్థాయి మైనర్ లీగ్‌లో ఉండి చెప్పినవాళ్ళున్నారు, పై స్థాయిలో బ్యాట్ చేతిలో ఉండగా చెప్పినవాళ్ళు లేరు. ఎందుకు అనేదే అసలు ప్రశ్న, దానికి "అక్కడ జనం పాతకాలం మనుషులు" అని ఒక్క ముక్కలో జవాబిస్తే సరిపోదు, ఆ లీగ్ రోజువారీగా ఎలా నడుస్తుందో చూడాలి.

ముందుగా ఒకటి గుర్తుపెట్టుకోవాలి, గే ప్లేయర్లు ఆడకూడదని బేస్‌బాల్‌లో ఏ రూలూ ఎప్పుడూ రాసి లేదు. ఆ మాటకొస్తే నల్లజాతి వాళ్ళు ఆడకూడదని కూడా పెద్దగా రాసి ఉంచలేదు, ఓనర్లు లోపాయికారీగా ఒక మాట అనుకున్నారు, అది ఆరు దశాబ్దాలు నడిచింది, 1947లో జాకీ రాబిన్సన్ గ్రౌండ్‌లో అడుగుపెట్టడంతో తెగింది. తేడా ఏంటంటే రాబిన్సన్ రంగు అందరికీ కనిపిస్తుంది కాబట్టి గోడ కూలిన రోజు ఏదో తేదీతో సహా చెప్పొచ్చు. ఇక్కడ గోడ కనిపించదు, గోడకి ఇవతల ఉన్నవాడూ కనిపించడు, ఎంతమంది దాన్ని మోస్తూ ఆడి వెళ్ళిపోయారో లెక్కే లేదు.

బర్క్ కథ దగ్గరికే మళ్ళీ వద్దాం, ఎందుకంటే ఈ కనిపించని గోడ ఎలా పనిచేస్తుందో ఇంత వివరంగా చూపించే కథ ఇంకోటి లేదు. ఓక్లాండ్‌లో పుట్టి బర్క్‌లీ హైస్కూల్లో బాస్కెట్‌బాల్ స్టార్ అయ్యాడు, 1972లో డాడ్జర్స్ అతన్ని తీసుకుంది. పరుగు, త్రో, ఒంట్లో బలం అన్నీ ఉన్నాయి, ఇతను ఇంకో విల్లీ మేస్ అవుతాడని కోచ్ జిమ్ గిలియమ్ అన్నాడు, విల్లీ మేస్ అంటే మన దగ్గర ఒక కుర్రాణ్ణి చూసి ఇతను ఇంకో కపిల్ దేవ్ అనడం లాంటిది. 1976లో మేజర్స్‌కి వచ్చాడు, 1977లో న్యూయార్క్ యాంకీస్ మీద వరల్డ్ సిరీస్, అంటే లీగ్ ఫైనల్, ఆడాడు. ఆట ఒక్కటే కాదు, డ్రెస్సింగ్ రూమ్‌లో పాటలు పెట్టి డాన్సులేసి, అందర్నీ ఆటపట్టించి, ఓడిన రోజు కూడా బస్సులో నవ్వులు పూయించేవాడట. టీమ్‌కి ప్రాణం అతనే అని తోటి ప్లేయర్ డేవీ లోప్స్ అన్నాడు.

అలాంటివాడికి పెళ్ళి కాలేదు, అమ్మాయిలతో కనబడడు, మ్యాచ్ అయ్యాక అందరితో కలిసి బార్‌కి వెళ్ళడు. మేనేజ్‌మెంట్‌లో గుసగుసలు మొదలయ్యాయి. జనరల్ మేనేజర్ ఆల్ కంపానిస్ అతన్ని ఆఫీసుకి పిలిచి, పెళ్ళి చేసుకో, హనీమూన్ ఖర్చు మేం పెట్టుకుంటాం అన్నాడని, ఆ మొత్తం 75 వేల డాలర్లని బర్క్ తర్వాత తన ఆత్మకథలో చెప్పాడు. అమ్మాయినేగా చేసుకోమంటున్నారు అని బర్క్ అడిగాడట. ఈ కంపానిస్ ఎవరో కూడా తెలుసుకోవాలి. 1946లో రాబిన్సన్ ఇంకా మైనర్ లీగ్‌లో మాంట్రియల్‌కి ఆడుతున్నప్పుడు అతని పక్కన నిలబడి ఆడిన టీమ్‌మేట్ ఇతనే, రంగు గోడ ఎలా కూలిందో కళ్ళారా చూసినవాడు. అదే మనిషి 30 ఏళ్ళ తర్వాత ఇంకో గోడకి కాపలా కాశాడు. ఒక అన్యాయాన్ని దగ్గర్నుంచి చూసినవాళ్ళకి రెండో అన్యాయం దానంతటదే అర్థమైపోతుందని మనం అనుకుంటాం కదా, అలా ఏమీ జరగదు. 1987లో, సరిగ్గా రాబిన్సన్ వచ్చి 40 ఏళ్ళయిన సందర్భంలో, టీవీలో నల్లజాతి వాళ్ళ గురించి నోరుజారి కంపానిస్ ఆ ఉద్యోగమే పోగొట్టుకున్నాడు.

టీమ్ మేనేజర్ (మన హెడ్ కోచ్ లాంటివాడు) టామీ లసోర్డాతో ఇంకో చిక్కు వచ్చింది. లసోర్డా కొడుకు టామీ జూనియర్‌తో బర్క్‌కి స్నేహం కుదిరింది, ఇద్దరూ కలిసి తిరిగేవాళ్ళు, తండ్రికి అది ససేమిరా నచ్చలేదు. ఆ అబ్బాయి 1991లో 33 ఏళ్ళకే చనిపోయాడు, లసోర్డా మాత్రం తన కొడుకు గే అని ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఇందులో ఎవర్ని తప్పుబట్టాలా అని చూడటం కంటే, అంత పేరున్న తండ్రి, కొడుకు పోయాక కూడా ఆ మాట నోటివెంట రానివ్వలేనంతగా ఆ ఆట చుట్టూ భయం అల్లుకుని ఉందని గమనించడం మేలు.

1978 మే నెలలో బర్క్‌ని ఓక్లాండ్ ఏస్ టీమ్‌కి ఇచ్చి బదులుగా బిల్ నార్త్‌ని తెచ్చుకున్నారు. నార్త్ వయసులో పెద్దవాడు, ఆటలో దిగిపోతున్నవాడు. ఆ వార్త తెలిసి డ్రెస్సింగ్ రూమ్‌లో కొంతమంది ప్లేయర్లు ఏడ్చారు. బేస్‌బాల్‌లో ట్రేడ్ అంటే ఏంటో తెలియనివాళ్ళకి ఒక మాట. ప్లేయర్‌ని అడక్కుండా, కారణం చెప్పక్కర్లేకుండా ఒక క్లబ్ ఇంకో క్లబ్‌కి ఇచ్చేయొచ్చు, తెల్లారేసరికి పెట్టె సర్దుకుని వేరే ఊరికి వెళ్ళాలి. ఏటా పదులకొద్దీ ట్రేడ్‌లు జరుగుతాయి, ఆటపరంగా ఏదో ఒక సాకు ఎప్పుడూ దొరుకుతుంది. నువ్వు గేవి కాబట్టి పంపించేస్తున్నాం అని ఎవరూ ఎక్కడా రాయరు, రాయాల్సిన అవసరమే ఉండదు. అందుకే బర్క్‌ని ఎందుకు పంపారనేదానికి ఇవాల్టికీ ఒక కాగితం చూపించి రుజువు చెయ్యలేం, చుట్టూ ఉన్న మనుషులు చెప్పిన మాటలే ఆధారం.

ఓక్లాండ్‌లో ఇంకా దారుణం. 1980లో బిల్లీ మార్టిన్ మేనేజర్‌గా వచ్చాడు, సీజన్‌కి ముందు జరిగే స్ప్రింగ్ ట్రైనింగ్ క్యాంపులో కొత్త ప్లేయర్లకి అందర్నీ పరిచయం చేస్తూ బర్క్ దగ్గరికొచ్చేసరికి పేరు చెప్పి, పక్కనే గే వాళ్ళని తిట్టే ఒక బూతుమాట కలిపి చెప్పాడని అక్కడున్న టీమ్‌మేట్లు తర్వాత చెప్పారు. అందరి ముందు, కొత్తవాళ్ళ ముందు, యూనిఫాం వేసుకుని నిలబడి ఉండగా. అప్పటికే మోకాలి దెబ్బ ఉంది, మైనర్ లీగ్‌లో యూటా రాష్ట్రం ఆగ్డెన్‌కి పంపారు, అక్కడితో అతను ఆట వదిలేశాడు. మొత్తం 225 మ్యాచ్‌లు, బ్యాటింగ్ యావరేజ్ .237 (అంటే వెయ్యిసార్లకి 237 హిట్ల లెక్క), హోమ్ రన్లు రెండే. ఈ అంకెలు చూసి "అంత గొప్పవాడేం కాదులే" అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కానీ రోజూ భయంతో, సరిగ్గా ఆడే అవకాశం దొరక్కుండా నాలుగు సీజన్లు గడిపినవాడి స్కోరు అది. నెమ్మదిగా ఆడనిస్తే ఎంతవరకు వెళ్ళేవాడో చెప్పే అంకె ఎక్కడా లేదు.

ఆట మానేశాక శాన్ ఫ్రాన్సిస్కోలో గే జనం ఎక్కువగా ఉండే కాస్ట్రో పేటకి చేరాడు. అక్కడి గే సాఫ్ట్‌బాల్ లీగ్‌లో హీరో అయ్యాడు. కారు బానెట్ మీద కూర్చుని దారినపోయే ప్రతివాళ్ళకీ చెయ్యెత్తి హై ఫైవ్ ఇచ్చేవాడట, కొన్నాళ్ళకి అక్కడ ఇద్దరు గే మనుషులు కలిస్తే పలకరింపుగా అదే చేసుకునేంతగా పాకింది. 1982లో ఇన్‌సైడ్ స్పోర్ట్స్ అనే పత్రికలోనూ, తర్వాత ఒక జాతీయ టీవీ షోలోనూ తను గే అని చెప్పాడు, మేజర్ లీగ్‌లో ఆడినవాళ్ళలో అలా చెప్పిన మొదటివాడు అతనే. అదే ఏడాది మొట్టమొదటి గే గేమ్స్‌లో పరుగుపందేల్లో దిగాడు. తర్వాతంతా దిగజారుడే, డ్రగ్స్, 1987లో కారు గుద్ది కాలు విరగడం, జైలు, ఏ వీధిలో హీరోగా తిరిగాడో అదే కాస్ట్రోలో నిలువ నీడ లేకుండా తిరగడం. ఎయిడ్స్ సోకింది. ఆఖరి రోజుల్లో తోబుట్టువు ఇంట్లో ఉన్నాడు, సంగతి తెలిసి ఏస్ క్లబ్ కొంత డబ్బు సాయం చేసింది. 1995 మే 30న 42 ఏళ్ళకి పోయాడు. గేవాడు మేజర్స్‌లో ఆడలేడని ఇకమీద ఎవరూ అనలేరు, నేను గేని, నేను ఆడి చూపించాను అనేది అతను మిగిల్చి వెళ్ళిన మాట.

ఇప్పుడు ఆ లీగ్ నడిచే తీరు చూద్దాం. ఒక సీజన్‌లో 162 మ్యాచ్‌లు, దాదాపు ఆరు నెలలు, దానికి ముందు ఆరు వారాల స్ప్రింగ్ ట్రైనింగ్. సగం మ్యాచ్‌లు వేరే ఊళ్ళలో. అంటే ఏడాదిలో ఎనిమిది నెలలు ఒకే గుంపుతో తినడం, పడుకోవడం, స్నానం చెయ్యడం, ప్రయాణం చెయ్యడం. క్లబ్‌హౌస్ అనే ఆ గదిలో ఎవరి భార్య ఎవరు, ఎవరి గర్ల్‌ఫ్రెండ్ ఎవరు, నిన్న రాత్రి ఎక్కడికెళ్ళావ్ అనేవి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నడిచే కబుర్లు. అందులో కలవనివాణ్ణి ఇట్టే కనిపెట్టేస్తారు. అబద్ధం చెప్పాలంటే రోజూ చెప్పాలి, నిన్న చెప్పింది ఇవాళ గుర్తుపెట్టుకోవాలి. గంటకి 150 కిలోమీటర్లతో వచ్చే బంతిని అర సెకను కూడా లేని టైమ్‌లో చూసి కొట్టాల్సిన ఆట అది, బుర్రలో వేరే బరువు పెట్టుకుని దాన్ని ఆడటం ఎంత కష్టమో, బర్క్ తర్వాత బయటపెట్టిన రెండో మేజర్ లీగ్ ప్లేయర్ బిల్లీ బీన్ ఎన్నోసార్లు చెప్పాడు.

డబ్బు లెక్క కూడా చూడాలి. 30 టీమ్‌లు, ఒక్కో టీమ్‌లో 26 మంది. 26వ వాడికీ 27వ వాడికీ ఆటలో తేడా ఆవగింజంత, జీతంలో తేడా కొండంత. 2023లో మేజర్ లీగ్ కనీస జీతం 7 లక్షల 20 వేల డాలర్లు, ఒక్క మెట్టు కింద ట్రిపుల్-ఏ స్థాయిలో కనీసం సుమారు 36 వేలు, అదీ మైనర్ లీగ్ ప్లేయర్లకి యూనియన్ ఒప్పందం కుదిరాకే. స్టార్‌ని ఎవరూ కదపలేరు. అంచు మీద ఉన్నవాణ్ణి ఎప్పుడైనా కింద లీగ్‌కి పంపొచ్చు, కారణం అడిగేవాళ్ళుండరు. బర్క్, బీన్, తర్వాత బయటికొచ్చిన పిచ్చర్ టీజే హౌస్, ముగ్గురూ అంచు మీద బతికినవాళ్ళే. మరి స్టార్లకైనా ధైర్యం ఉండేదా అంటే 2002 మే నెల గుర్తు చేసుకోవాలి. ఒక న్యూయార్క్ పత్రికలో పేరు లేకుండా ఒక గాసిప్ వచ్చింది, అంతే, అప్పటికే ఆ తరంలో బ్యాటింగ్‌లో అందరికంటే మేటి క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) అనిపించుకున్న మైక్ పియాజా ఫిలడెల్ఫియాలో విలేకరుల్ని పిలిచి నేను గే కాదు అని చెప్పుకోవాల్సి వచ్చింది. నేరం చేశాడన్న పుకారు వస్తే ఇచ్చుకునే సంజాయిషీలా ఉంది ఆ సీన్. టీవీలో అది చూస్తున్న ఏ గే ప్లేయర్ అయినా ఏం నేర్చుకుని ఉంటాడో ఊహించుకోవచ్చు.

బిల్లీ బీన్ అంటే చాలామంది ఓక్లాండ్ ఏస్‌ని లెక్కలతో నడిపిన బిల్లీ బీన్ అనుకుంటారు, వాళ్ళు వేరు వేరు, విచిత్రం ఏంటంటే 1988లో ఇద్దరూ డెట్రాయిట్ టైగర్స్‌కే ఆడారు. మన బీన్ 1987 ఏప్రిల్‌లో తన మొదటి మ్యాచ్‌లోనే నాలుగు హిట్లు కొట్టాడు, మొదటి మ్యాచ్‌కి అది రికార్డుతో సమానం. ఆ తర్వాత డెట్రాయిట్, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగో, మధ్యలో ఒక ఏడాది జపాన్, పైకీ కిందకీ తిరుగుతూ 272 మ్యాచ్‌లు ఆడాడు. పెళ్ళయింది, విడిపోయారు. తర్వాత ఒక మనిషితో కలిసి ఉన్నాడు, ఆ సంగతి కన్నవాళ్ళకి గానీ టీమ్‌లో ఎవరికి గానీ తెలీదు. ఎవరైనా ఇంటికి వస్తున్నారంటే ఆ మనిషి బయటికి వెళ్ళిపోవాల్సిందే. 1995 సీజన్ మొదలయ్యే సమయానికి ఆ పార్టనర్ హెచ్‌ఐవీతో చనిపోయాడు. బీన్ మ్యాచ్‌కి వెళ్ళాడు, అంత్యక్రియలకి వెళ్ళలేదు. సెలవు అడిగితే చనిపోయింది ఎవరు అని అడుగుతారు కదా, ఆ ప్రశ్నకి అతని దగ్గర జవాబు లేదు.

మన ఇళ్ళలో మనిషి పోతే ఎంత పని ఉన్నా వదిలేసి వెళ్తాం, దూరపు చుట్టమైనా సరే, వెళ్ళకపోతే జీవితాంతం లోపల గుచ్చుకుంటూనే ఉంటుంది. ఆ రోజు యూనిఫాం వేసుకుని గ్రౌండ్‌లో నిలబడ్డ మనిషిని తలుచుకుంటే, బేస్‌బాల్ అతని దగ్గర్నుంచి ఏం తీసుకుందో తెలుస్తుంది. ఆ సీజనే అతనికి మేజర్స్‌లో ఆఖరిది, ఆడే వయసు ఇంకా ఉండగానే వదిలేశాడు. 1999లో మయామీలో ఒక పత్రిక ద్వారా బయటపెట్టాడు, బర్క్ తర్వాత రెండోవాడు అయ్యాడు. అప్పటికి బర్క్ లేడు.

2014 జులైలో మినియాపోలిస్‌లో ఆల్-స్టార్ గేమ్ జరిగినప్పుడు లీగ్ కమిషనర్ బడ్ సెలిగ్, బీన్‌ని లీగ్ తరఫున అందర్నీ కలుపుకుపోయే పనికి మొదటి అంబాసిడర్‌గా ప్రకటించాడు. ఆ రోజు బర్క్ కుటుంబాన్ని కూడా పిలిచి కూర్చోబెట్టారు. బర్క్ ఆట వదిలేసి అప్పటికి 34 ఏళ్ళు, పోయి 19 ఏళ్ళు. ఆ పిలుపు ఆలస్యమే, అయినా పిలిచారు. ఆ తర్వాత పదేళ్ళు బీన్ టీమ్‌ల క్యాంపులన్నీ తిరిగి క్లబ్‌హౌస్‌ల్లో కూర్చుని తన కథే చెప్పాడు. 2015లో న్యూయార్క్ మెట్స్ టీమ్ క్యాంపుకి వెళ్తే డేనియల్ మర్ఫీ అనే ప్లేయర్, బీన్ జీవనశైలి నాకు సమ్మతం కాదని విలేకరులతో అన్నాడు. బీన్ కోపం తెచ్చుకోలేదు, నిజాయితీగా చెప్పినందుకు మెచ్చుకుంటూ రాశాడు, మాట్లాడుకోవడానికి అదో మొదలు అన్నాడు. అతి మెతకదనం అని కొందరు విసుక్కున్నారు గానీ, అబద్ధాలతో అలసిపోయిన మనిషికి ఎదుటివాడు ఉన్నదున్నట్టు చెప్పడమే గౌరవంగా అనిపించి ఉంటుంది. బీన్ 2024 ఆగస్టు 6న బ్లడ్ క్యాన్సర్‌తో 60 ఏళ్ళకి చనిపోయాడు.

ఆడవాళ్ళ బేస్‌బాల్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, 1943 నుంచి 1954 దాకా నడిచిన ప్రొఫెషనల్ లీగ్ అది. వాళ్ళకి స్కర్టులు తొడిగి ఆడించారు, మొదట్లో నడక, మేకప్ నేర్పడానికి ప్రత్యేకంగా క్లాసులు పెట్టారు, జుట్టు పొట్టిగా కత్తిరించుకోకూడదన్నారు. స్కర్టుతో బేస్‌కి జారితే తొడలు దోక్కుపోయి రక్తం కారేది, అయినా స్కర్టే. మగరాయుళ్ళలా ఉన్నారని, అంతకుమించి ఇంకేదో అని జనం అనుకోకూడదన్న భయం దాని వెనకాల ఉంది. అక్కడ పియోరియా టీమ్‌లో ఆడిన మేబెల్ బ్లేర్ తను లెస్బియన్ అని బహిరంగంగా చెప్పింది 2022లో, తన 95వ ఏట.

మైనర్ లీగ్‌లలో మాత్రం 2015లో ఒక కదలిక వచ్చింది. జూన్‌లో కాలిఫోర్నియాలోని సొనోమా స్టాంపర్స్ అనే, మేజర్ లీగ్ క్లబ్‌లతో సంబంధం లేని ఇండిపెండెంట్ టీమ్ పిచ్చర్ షాన్ కాన్రాయ్, 23 ఏళ్ళవాడు, గే అని అందరికీ తెలిసి గే జనానికి స్వాగతం చెప్పే ప్రైడ్ నైట్ రోజున గ్రౌండ్‌లో దిగి మ్యాచ్ మొత్తం తనే బౌల్ చేసి ఎదుటి టీమ్‌కి ఒక్క రన్ ఇవ్వలేదు, 11 మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతి తగలనివ్వకుండా ఔట్ చేశాడు. ఆగస్టులో మిల్వాకీ బ్రూయర్స్ వాళ్ళ మైనర్ లీగ్ ప్లేయర్ డేవిడ్ డెన్సన్ చెప్పాడు, మేజర్ లీగ్ క్లబ్ గొడుగు కింద ఆడుతూ చెప్పిన మొదటివాడు. అది జరిగిన తీరు తెలుసుకోవాల్సిందే. మోంటానాలోని హెలెనాలో క్లబ్‌హౌస్‌లో ఎవడో టీమ్‌మేట్ సరదాకి గే వాళ్ళని తిట్టే మాట అతని మీద వాడాడు. చూసి మాట్లాడు, పక్కనున్నది ఎవరో నీకేం తెలుసు అన్నట్టుగా డెన్సన్ అన్నాడు. గదిలో ఒక్కసారి నిశ్శబ్దం. తర్వాత ఒక్కొక్కరూ చుట్టూ చేరారు, అడిగారు, అతను చెప్పాడు, గంటసేపు కూర్చుని మాట్లాడుకున్నారు. కుర్రాళ్ళు అతన్ని దూరం పెట్టలేదు, దగ్గరికి తీసుకున్నారు. ఇన్నేళ్ళూ ఏ గది గురించి అందరూ భయపడ్డారో అదే గది ఇలా కూడా ఉండగలదని అప్పుడు తెలిసింది.

కానీ అన్ని గదులూ అలా లేవు. అదే సమయంలో సెయింట్ లూయిస్ కార్డినల్స్ మైనర్ లీగ్‌లో ఉన్న టైలర్ డనింగ్టన్ అనే పిచ్చర్ చుట్టూ వినబడే మాటలు భరించలేక ఆట మానేశాడు, 2016లో ఎందుకు మానేశాడో చెప్పాడు. డెన్సన్ కూడా పై మెట్టు ఎక్కకుండానే 2017లో ఆపేశాడు. 2022లో సాలొమన్ బేట్స్, 2023లో డొమినికన్ కుర్రాడు ఆండర్సన్ కోమాస్ చెప్పారు. టీజే హౌస్ 2022 డిసెంబర్‌లో, ఆడటం మానేశాక చెప్పాడు.

క్లబ్‌లు ఈ మధ్యలో ప్రైడ్ నైట్‌లు మొదలుపెట్టాయి, టెక్సాస్ రేంజర్స్ ఒక్కటి తప్ప దాదాపు అందరూ చేస్తున్నారు. ఏస్ టీమ్ 2021లో తమ ప్రైడ్ నైట్‌కి బర్క్ పేరు పెట్టింది, డాడ్జర్స్ 2022లో అతని కుటుంబాన్ని పిలిచి గౌరవించింది. 2022లోనే టాంపా బేలో ఐదుగురు పిచ్చర్లు ఇంద్రధనుస్సు లోగో ఉన్న టోపీ మాకొద్దన్నారు, వాళ్ళ విశ్వాసం వాళ్ళది అని టీమ్ వదిలేసింది. మరుసటి ఏడాది కమిషనర్ రాబ్ మన్‌ఫ్రెడ్, యూనిఫాం మీద అలాంటి లోగోలు పెట్టకపోతేనే మంచిదని క్లబ్‌లకి చెప్పామన్నాడు, కారణం అడిగితే ప్లేయర్లని ఇబ్బందిలో పడకుండా కాపాడటానికి అన్నాడు. వద్దన్నవాళ్ళ ఇబ్బంది అందరికీ కనిపించింది. అదే డగౌట్‌లో కూర్చుని ఎవరు టోపీ పెట్టుకున్నారు, ఎవరు పెట్టుకోలేదు అని మౌనంగా లెక్కపెట్టుకున్నవాడు ఒకడు ఉండి ఉంటే వాడి ఇబ్బంది ఎవరికీ కనిపించదు. స్టాండ్స్‌లో టికెట్ కొన్నవాళ్ళకి స్వాగతం చెప్పడం తేలికే, డగౌట్‌లో ఉన్నవాడికి ఆ భరోసా ఇవ్వడం దగ్గరే లీగ్ ఇంకా తడబడుతోంది.

మేజర్స్ గ్రౌండ్ మీద ఉండగానే బహిరంగంగా చెప్పుకున్న మనిషి అసలు లేడా అంటే ఒకడున్నాడు. అతను ప్లేయర్ కాదు, అంపైర్. ఇక్కడ ఇద్దరు అంపైర్ల కథలు పక్కపక్కన పెట్టి చూడాలి. డేవ్ పాలోన్ 1979లో అంపైర్లు సమ్మెలో ఉన్నప్పుడు వాళ్ళ స్థానంలో వచ్చినవాడు, అందుకని సమ్మె అయ్యాక తోటి అంపైర్లు అతనితో మాట్లాడేవాళ్ళు కాదు, వాళ్ళలో ఒంటరి. 1988లో పీట్ రోజ్ ఒక మ్యాచ్‌లో అతన్ని తోసేసి 30 రోజులు సస్పెండ్ అయ్యాడు. అదే ఏడాది అతని మీద ఒక అసహ్యమైన ఆరోపణ పేపర్లలో వచ్చింది, విచారణ జరిగింది, కేసేమీ పెట్టలేదు, అయినా సీజన్ అవగానే ఉద్యోగం పోయింది. వెనకాల నిలబడేవాళ్ళు ఒక్కరు లేరు.

డేల్ స్కాట్ 1985 నుంచి మేజర్స్‌లో అంపైర్. యూనియన్ మనిషి, మూడు వరల్డ్ సిరీస్‌లు చేసినవాడు, తోటివాళ్ళలో గౌరవం ఉంది. తన పార్టనర్ పేరు ఉద్యోగుల బెనిఫిట్స్ కాగితాల్లో రాయించాడు కాబట్టి లీగ్ ఆఫీసుకి సంగతి తెలుసు. ఏ మేనేజర్‌కి కోపం వచ్చినా అతన్ని ట్రేడ్ చెయ్యలేడు, కింద లీగ్‌కి పంపలేడు. 2014 అక్టోబర్‌లో రిఫరీలు, అంపైర్లు చదివే ఒక పత్రిక అతని గురించి రాస్తూ ఫొటోలు అడిగితే తనూ తన భర్తా కలిసి ఉన్నది కూడా పంపించాడు, వేశారు. రెండు నెలలు బయట ఎవరూ గమనించలేదు, డిసెంబర్‌లో వార్త అయ్యింది. తర్వాతి మార్చిలో స్ప్రింగ్ ట్రైనింగ్ మ్యాచ్‌కి వెళ్తూ ఎవరేమంటారో అని స్కాట్‌కి లోపల బితుకుబితుకుమంటూనే ఉంది. మార్లన్ బర్డ్ అనే ప్లేయర్ అవతల్నుంచి నేరుగా అతని దగ్గరికి వచ్చాడు. వచ్చి గట్టిగా కౌగిలించుకుని, ఇక నువ్వు ఫ్రీ అన్నాడు.